ముప్పై ఏడో మెట్టు

మా ఊళ్లె నెట్టు
నీళ్ల ట్యాంకు ముప్పై ఏడో మెట్టు మీద ఉంటది.
ముప్పై ఆరు మీద ఉండదు.
ముప్పై ఎనిమిది మీద గాలెక్కువ, లాప్‌టాపు ఊగుతది.

పంచాయతీ బీరువాల తెల్ల డబ్బా ఒకటుంది
మూడు కండ్లది.
బిగించిన నాడు మూడూ పచ్చగ వెలిగినయి,
సార్లు పక్కన నిలబడి ఫోటో దిగిన్రు.
మాపటికే ఒక కన్ను ఎర్రబడ్డది.
ఇప్పుడు డబ్బా ఎనుక
బల్లి గుడ్లు పెట్టింది. ఎచ్చగ లేదు, అయినా పెట్టింది.

కాలువ తవ్వింది మనోళ్లే.
తాడ్వాయి రోడ్డు పొంటి, నడుం లోతు,
మీటరుకింత అని మాట్లాడుకోని
కుర్సం ముత్తక్క, ఆమె పెనిమిటి బొజ్జయ్య
నారింజ రంగు గొట్టం పండవెట్టి మట్టి కప్పిన్రు.
"గింత సన్నపు దారంల లోకమంత పోతదా?" అని అడిగిందట.
"పోతది" అన్నడట మేస్త్రి.

జాతరకు లారీ మీద టవరొస్తది.
నాలుగు దినాలు మా కోళ్లకు గూడ సిగ్నల్ ఉంటది.
తర్వాత తల్లులు అడవికి పోతరు,
టవరు పట్నం పోతది.

పనికాడ రోజుకు రెండు ఫోటోలు.
ముప్పై నలుగురిని ఎండల వరుసగ నిలబెట్టి
పొద్దుగాల ఒకటి, పగటీలి ఒకటి.
చున్నీ నడుముకు చుట్టి, చెప్పులిడిచి
(మొక్కు కాదు, జారుతదని)
వాళ్లందరినీ పట్టుకోని మెట్లెక్కుత.

అరవై శాతం. ఎనభై. తొంభై తొమ్మిది.
అక్కడ ఆగుతది.
తొంభై తొమ్మిదికీ నూరుకూ నడుమ ఎంత దూరమో
నన్నడుగుండ్రి.
కింద నుంచి ఎవరో ఒకరు: "పోయిందా బిడ్డా?"
"పోతాంది!"

మంగళారం నాటిది పోలే.
ముత్తక్క పేరు ముందర 'రాలేదు' అని పడ్డది.
రానిదాని చేతుల బొబ్బలుంటయా, అని ఆమె అడగలే.
కొంగు చెక్కి సీదా ట్యాంకెక్కింది.
"ఏది, నీ మెట్టు సూపియ్యి."

నా పక్కన కూసున్నది. స్క్రీను దిక్కు చూడలే.
రోడ్డు దిక్కే చూసింది చాన సేపు.
"అగో, నేను తవ్విన కాలువ.
అగో, మొన్నటి వానకు తూము కొట్టుకపోయిన కాడ
గొట్టం తెగి గాలిల ఏలాడుతాంది.
గిది పట్నంల ఎవరికీ కనవడ్తలేదా?"

ఫిర్యాదు తెరిచిన.
చెడిపోయినది ఏది అన్న గడిల నాలుగే ఉన్నయి:
డబ్బా, తీగ, కరెంటు, ఇతరములు.
తెగిన తూమును ఏండ్ల పెట్టాలె?
ఇతరములు ఒత్తిన.
పదకొండు అంకెల నంబరిచ్చింది.
ముత్తక్కకు చదివి వినిపిస్తె
"గడ్డపార ఒకటి పంపుమను, చాలు" అన్నది.

దిగుకుంట దిగుకుంట మెట్లు లెక్కవెట్టింది.
నేల మీద కాలువెట్టి తల పైకెత్తి ఒర్లింది:
"ముప్పై ఆరే ఉన్నయి బిడ్డా.
ఒకటి తప్పు రాసినవ్,
సరిజెయ్యి."