ధరావతు

ఎల్లర్‌షా లిబరల్ క్లబ్బును తివాచీల కొట్టువాడికి అమ్మేశాక
బీరువా ఖాళీ చెయ్యమని నాకు కబురొచ్చింది.
హెప్జిబా పిన్ని తాళంచెవి నా దగ్గరే ఉంది.
గల్లాపెట్టెలో ఏమీ లేకపోయినా
ముప్పయ్యేళ్లు ఆవిడే కోశాధికారి.

పై అరలో ఒక రొట్టె.
సుద్దతో పోతపోసిన రొట్టె, పసిబిడ్డంత బరువు,
గోధుమరంగు పెచ్చులూడి అక్కడక్కడ తెల్లగా.

దాని కథ నాకు తెలుసు.
పందొమ్మిది వందల ఆరు ఎన్నికల్లో
పిన్ని తండ్రి, బేకరీ మర్గట్రాయిడ్,
రెండు రొట్టెలు కాల్చి గెడలకు గుచ్చి ఊరేగించాడు.
సుంకం లేకపోతే దిండంత,
సుంకం వేస్తే పిడికెడు.
సభ ముగిసేసరికి మగ్గాల వీధి పిల్లలు
రెండూ తినేశారు,
సిద్ధాంతం పట్టింపేమీ లేకుండా.
తరవాతి ఎన్నికకి ఆయన సుద్ద రొట్టె చేయించాడు.
మా పార్టీ చరిత్ర చెప్పమంటే
నేను ఇక్కణ్ణించే మొదలుపెడతాను.

అలాగని అంతా సుద్దే అనను.
తొమ్మిదో సంవత్సరం, జనవరి ఒకటి.
డెబ్బై దాటిన నేతగాడు ఎబెనీజర్ హోల్‌రాయిడ్
పోస్టాఫీసు కిటికీ ముందు టోపీ తీసి నిలబడ్డాడు.
ఐదు షిల్లింగులు లెక్కపెట్టి ఇస్తున్న పిల్లతో
"ఎవరి బాకీ అమ్మా ఇది,
నేనెవరికీ అప్పివ్వలేదే" అన్నాడట.
అది చెప్పినప్పుడల్లా పిన్ని కళ్లజోడు తుడుచుకునేది.

అదే గొంతుతో జెమైమా అత్త గురించీ చెప్పేది.
ఓటు అడిగినందుకు లీడ్స్ జైలు.
తిండి మానేస్తే ముక్కులోంచి రబ్బరు గొట్టం.
ప్రభుత్వం మనదే. గోడ మీది పటాలూ మనవే.
విడుదలయ్యాక అత్త మళ్లీ క్లబ్బు గుమ్మం తొక్కలేదు.
ఆదివారం చాపెల్లో అందరూ పాడుతుంటే
పెదాలు మాత్రం కదిపేది.

తరవాత యుద్ధం. పెద్దలిద్దరికీ చెడింది, పార్టీ రెండు ముక్కలు.
ఇక్కడ బిలియర్డ్స్ బల్లకి కిటికీ వైపు ఒకరి మనుషులు,
పొయ్యి వైపు ఇంకొకరి మనుషులు.
చలి ముదిరాక కిటికీ వైపువాళ్లలో సగం మంది
లేబర్ క్లబ్బులో తేలారు. అక్కడా పొయ్యి ఉంది.
మిల్లు యజమానులు చప్పుడు చెయ్యకుండా కన్జర్వేటివులయ్యారు.
మిగిలింది మేం,
రెంటికీ చెడ్డ రేవళ్లం.

యాభై ఒకటి. ధరావతు నూటయాభై పౌన్లు.
జాము సీసాలు, చనిపోయినవాళ్ల కోట్లు, కప్పు టీ మూడు పెన్నీలు.
పిన్ని కాళ్లకు బలపం కట్టుకు తిరిగింది.
అభ్యర్థి క్లెమెంట్ థ్రెల్‌ఫాల్, రసాయన శాస్త్రం మాస్టారు,
ఏ ప్రశ్నకైనా రెండు వైపుల నుంచీ జవాబు చెప్పే మంచివాడు.
ఎన్నిక రోజు వాన.
రాత్రి టౌన్ హాల్లో లెక్క తేలింది.
ఎనిమిదో వంతుకి ముప్పై తొమ్మిది ఓట్లు తక్కువ,
డిపాజిట్టు గల్లంతు.
మాస్టారు గెలిచినాయన చెయ్యి పట్టుకుని ఊపి
గొడుగు మరిచిపోయి ఇంటికెళ్లాడు.

ధరావతు రశీదు ఇదిగో, రొట్టె కింద.
వెనక పిన్ని చేతిరాత:
క్షయ ఆస్పత్రిలో నలుగురు.
వంతెన మునిగి రాలేకపోయిన గ్రీన్‌వుడ్ వాళ్లు, ఆరుగురు.
మాస్టారు ఫెయిల్ చేసిన పిల్లల తండ్రులు, పదకొండు.
ఇలా కూడుతూ కూడుతూ
ముప్పై ఎనిమిది దగ్గర ఆగిపోయింది.

ఆ ఒక్కరూ ఎవరని అడిగాను, ఆవిడ చివరి చలికాలంలో.
చక్కెర కరిగిపోయాక కూడా పిన్ని టీ కలుపుతూనే ఉంది.
"అందరి ముందూ ఓటు పలికి
మా తాత పని పోగొట్టుకున్నాడు.
ఓటుకి చాటు తెచ్చింది మన పార్టీయే.
చాటున చేసింది చాటునే ఉండాలి."
కాసేపాగి,
"జెమైమా అత్త పాట నువ్వు వినలేదులే" అంది.

తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకుంటానని
తివాచీలవాడు రొట్టె అడిగాడు.
ఇచ్చేశాను.
రశీదు ఇవ్వలేదు.