నలభై ఒక్క చెవులు

బిసోయి బాబు గుత్తి బల్లమీద పెట్టాడు.
నలభై ఒక్క తాళంచెవులు, జనరేటర్ లాగ్‌బుక్కు,
గోపాల్‌పూర్ ఉప్పుగాలికి తుప్పెక్కిన లిఫ్టు కాగితాలు.
"ఇవాళ్టినుంచి మీదే" అన్నాడు తెలుగులో.
సంతకం ఒడియాలో పెట్టాడు.

ఆరేళ్లు తిట్టాం ఆయన్ని,
మెట్లమీద, మేడమీద, రెండు భాషల్లో.
ఇక ఎవర్ని తిట్టాలో
మినిట్స్‌లో ఎవరూ రాయలేదు.

కార్పస్ ఫండులో పద్దెనిమిది వేలు తక్కువ.
"వరదకి కొట్టుకుపోయుంటాయి" అంది సాబిత్రి అపా.
అందరూ నవ్వారు.
కోశాధికారిని, నాకు నవ్వు రాలేదు.

సాయంత్రం తలుపు తలుపూ తిరిగాను.
ముప్పై తొమ్మిది తెరుచుకున్నాయి.
ఒకటి తాళంలోనే విరిగింది.
మిగిలిన ఇత్తడిది దేనికీ పట్టలేదు.
వాచ్‌మన్ దండాసి తిప్పి చూశాడు:
"ఇది మన బిల్డింగుది కాదమ్మా.
పెద్దబజారులో బాబు సొంతిల్లుది.
ఈ పునాదులప్పుడే అమ్మేశారు."

రాత్రి పైట్యాంకు పొంగింది.
మెట్లు మెట్లుగా నీళ్లు.
అలవాటుకొద్దీ ఆయన నంబరే నొక్కి,
మోగకముందే కట్ చేసి,
కుచ్చెళ్లు దోపుకుని మోటారుగదికి దిగాను.

కరెంటు లేని వసారాలో గుత్తి తడిమితే
మొదట చేతికొచ్చింది
ఆ ఇత్తడిదే.