మంద్రం, గవర్నర్‌పేట

సూర్యారావుపేట నుంచి గుండె డాక్టరు ఇందుమతి గారు పంపారు,
ట్రాలీ ఆటోలో పరుపు మీద పడుకోబెట్టి.
అరవై కేజీల పెట్టె.
నలుగురు మెట్లెక్కించి, చెమటలు తుడుచుకుని, టీకి డబ్బులడిగి వెళ్ళారు.
చీటీలో ఒకటే మాట:
"కింది గొంతు పోయింది."

వెనక పలక విప్పితే మూడు ఆంప్లిఫయర్లు.
మస్తాన్ వలి గారు నవ్వారు,
"ఒక్క నోటికి మూడు గొంతుకలా?"
పెళ్ళిళ్ళకీ ఉరుసులకీ మైకు సెట్లు కట్టిన మనిషి.
కొమ్ము స్పీకర్ల కింద ముప్ఫై ఏళ్ళు నిలబడి
చెవులు రెండూ వాటికే అప్పజెప్పి వచ్చారు.
ఇప్పుడు మాటని పెదాల మీద చదువుతారు,
ట్రాన్స్‌ఫార్మర్ రొదని గోటితో వింటారు.

కాగితం మీద గీసి చెప్పబోయాను.
మామూలు పెట్టెకి ఒకటే పంపు సార్,
నీళ్ళన్నీ తోడి పొంగించి, ఆ తర్వాత
తీగచుట్టలు అడ్డం కట్టి
నువ్విటు, నువ్వటు అని తోలడం.
కొంత బలం ఆ గట్లే తాగేస్తాయి.
ఇందులో సన్నటి ధార,
వోల్టో రెండు వోల్టులో ఉన్నప్పుడే చీలిపోతుంది,
చీలాకే బలం...

పెన్సిలు లాక్కున్నారు.
బ్యారేజీ గీశారు. కింద మూడు గీతలు.
ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవసు కాలవ.
ఒక్కో కాలవ మొదట్లో ఒక్కో పంపు బొమ్మ.
"ఇంతేగా?"
ఇంతే.

పైగొంతుకి చిటికెడు కరెంటు చాలు,
తాలింపులో ఆవాలంత.
కింది గొంతుదే ఏనుగు తిండి.
ఒక స్థాయి దిగి అంతే గట్టిగా పలకాలంటే
కోను నాలుగింతల దూరం ఊగాలి.
సీలు వేసిన పెట్టెలో గాలేమో
లోపలికి నొక్కితే బయటికి తంతుంది,
బయటికి లాగితే లోపలికి గుంజుతుంది.
గాలి మెత్తనిదని ఎవరన్నారో గానీ
ఐదొందల వాట్లు పెట్టి దాన్ని బతిమాలాలి.

ఇక అసలు సంగతి.
కోను నడిమధ్య, గుండ్రటి టోపీ వెనక,
బియ్యపుగింజంత బిళ్ళ.
కోను ఎంత విసురుగా కదిలిందో వెనక్కి చెబుతుంది.
పాట అడిగింది ఇంత,
నువ్విచ్చింది ఇంత,
తేడా ఇదిగో.
చెవి తప్పు పట్టేలోపే ఆంప్లిఫయరు దిద్దుకుంటుంది.
మనుషుల్లో ఈ ఏర్పాటు చూళ్ళేదు నేను.
మా బావ మైకు పట్టుకున్నప్పుడల్లా అనుకుంటాను,
ఆయన గుండె మీద ఒక బిళ్ళ అతికిస్తే ఎలా ఉంటుందో అని.

ఆ బిళ్ళ తీగే తెగింది. వెంట్రుకంత.
జవాబు రాకపోతే ఆంప్లిఫయరు అరవదు,
తెలీనిది ఊహించి వాయించదు,
నోరు మూసుకుంటుంది.

మస్తాన్ గారే అతికారు.
అరవై ఎనిమిదేళ్ళ వేళ్ళు,
భూతద్దం కింద ఒక్క చుక్క సీసం.
అంతసేపూ నేను కూడా ఊపిరి తీసుకోలేదు.

బీసెంటు రోడ్డు షట్టర్లన్నీ దిగాక
పెట్టెని గోడకి చేర్చి ముప్ఫై హెర్ట్జ్ పెట్టాను.
గది మధ్యలో నిలబడ్డాను.
ఏమీ లేదు.
కోను మాత్రం పిచ్చిదానిలా ఊగుతోంది.
పోయిందనుకున్నాను, అరవై కేజీల పరువు.

ఎదుటి గోడకి ఆనుకుని కూర్చున్నాయన
చెయ్యెత్తి, "వచ్చింది."
ఎక్కడ?
పక్కటెముకల మీద అరచెయ్యి పెట్టి చూపించారు.

అప్పుడు తట్టింది.
మా గది పంతొమ్మిది అడుగులు,
ఆ అలకి సరిగ్గా సగం.
ఈ గోడ దగ్గరా ఆ గోడ దగ్గరా పోటు,
నడిమధ్య ఎండిన రేవు.
చెవులున్నవాణ్ణి రేవులో నిలబడ్డాను.

వెళ్ళి ఆయన పక్కన వీపు ఆనించాను.
గోడ కాదది, ఏదో పెద్ద జంతువు ఊపిరి.
కింద టీకొట్టు నాగయ్య అరిచాడు,
గ్లాసులు వాటంతటవే జరుగుతున్నాయని.

ఆపమంటారా సార్, అన్నాను.
జవాబు రాలేదు.
కళ్ళు మూసుకున్నారు,
నా పెదాలు ఎలా కనిపిస్తాయి.