సున్నా గడి

తడ దగ్గర బస్సు దిగేసరికి పొద్దు ఇంకా పచ్చిగానే ఉంది.
సంచిలో రెండు పెన్నులు, ఒక రిజిస్టరు, చిత్రాన్నం పొట్లం.
పులికాట్ నడుమ గవ్వలదిబ్బకు పోయి
అక్కడ మనుషులెవరూ లేరని
కళ్ళారా చూసి రాసుకు రావాలి.

"లేరని తెలిసినంక పోయేదెందుకు టీచరమ్మా?"
గడ వేస్తూ అడిగాడు కుప్పన్న.
కొర్లగుంట బడిలో ఇరవై ఆరేళ్ళుగా లెక్కలు చెబుతున్నాను,
సున్నాను వెతుక్కుంటూ ఇంత దూరం రావడం ఇదే మొదలు.

నీళ్ళు మోకాలి లోతే. పడవ బురదను గీకుతూ పోయింది.
దూరంగా ఒక గులాబీరంగు గీత
దగ్గరయ్యేకొద్దీ కాళ్ళు మొలిచి, మెడలు మొలిచి
మమ్మల్ని లెక్కచెయ్యని వలస కొంగలైంది.

దిబ్బ మీద కాలు పెడితే గవ్వలు పటపటమన్నాయి.
కంప చాటున గోడ. సన్నటి ఇటుకలు,
గానుగసున్నం ఇంకా గట్టిగా.
ఉప్పుదొర కొట్టమంట.
అంతకుముందు ఇంకెవరో ఓడలవాళ్ళదంట.
కప్పు లేదు. లోపల ఈతచెట్టొకటి
బాడుగ కట్టకుండా కాపురముంటోంది.

ఒక రాతి మీద అక్షరాలు, నాకు రాని లిపి.
వేలితో తడిమాను: నాచు, ఒక కొక్కెం, మళ్ళీ నాచు.
జ్వరానికి పోయిన ఎవరి బిడ్డో,
లేక ఉత్త సరుకు లెక్కో.

చేతికందే లోతులో చెలమ.
చుట్టూ అంత ఉప్పు, ఇది మాత్రం తియ్యన.
"మాయమ్మ నన్ను ఈడనే కనిందంట.
వల ఆరేసుకోను వచ్చినప్పుడు గాలివాన పట్టుకునింది.
కార్డులో మాత్రం సూళ్ళూరుపేట ఆసుపత్రి" అన్నాడు,
ముఖం కడుక్కుంటూ.

రిజిస్టరు తెరిచాను.
ఇళ్ళు: లేవు. కుటుంబాలు: లేవు.
తర్వాతి గడి దగ్గర గాలికి పేజీ కొట్టుకుంటుంటే
కుప్పన్న బొటనవేలితో అదిమిపట్టాడు.

సున్నా రాశాను.
చక్కగానే రాశాను, బోర్డు మీద రాసినట్టు.

గోడ నీడలో అన్నం చెరిసగం తిన్నాం.
రాలిన మెతుకులు చీమలు మోసుకుపోతుంటే
"వీళ్ళను రాయలేదే" అన్నాడు, నవ్వకుండా.

తిరుపతి ఆఫీసులో గుమాస్తా పేజీ తిప్పి ఆగాడు.
సున్నా పక్కన తడి ఆరిన వేలిముద్ర,
దానిలో అతుక్కుని మెరుస్తూ ఒక చేప పొలుసు.
గోటితో గీకబోయాడు.
"ఉండనీ సార్" అన్నాను.