టికెట్ వెనక

కిరసనాయిలు డబ్బా రేకు.
సరిగ్గా గుండ్రం కూడా కాదు, ఎవరో తొందరలో కత్తిరించినారు.
ఒకవైపు ఉలితో కొట్టిన వ. వే.,
ఇంకోవైపు అరణా.
సంతపేట పాతసామాన్ల జిలానీ
దీన్ని బోల్టులతో కలిపి తూకంలో వేయబోతుంటే
చెయ్యి పట్టుకున్నాను.

యుద్ధానికి రాగి తూటాలై పోయిందట,
వెండి జనాల కుండల్లో దూరిందట.
బెల్లం దిమ్మె ఉంది, కొనేవాడున్నాడు,
మధ్యన తిరగాల్సిన కాణీ లేదు.
అప్పుడు వజ్రవేలు మండీవాళ్ళు ఒక రేకుముక్కను పిలిచి
ఈ పొద్దు నుంచి నువ్వు అరణా అన్నారు.
బజారువీధి ఈ కొస నుంచి ఆ కొసకు
అది అరణానే.
గిరింపేట దాటితే రేకు.

ఇట్లాంటివి నా దగ్గర ఇరవైమూడు.
కాఫీ క్లబ్బు అట్టముక్కలు, ఆముదం పట్టించినవి,
ఇప్పటికీ వేలికి జిడ్డు.
ఒక ఇత్తడి బిళ్ళకు చిల్లి, అంచు నున్నగా అరిగింది,
ఏ పిల్లవాడి మొలతాడుకో కొన్నాళ్ళు వేలాడినట్టుంది.

మొన్న వజ్రవేలు మునిమనవడి సెల్‌ఫోన్ అంగడికి పోయి
గాజుబల్ల మీద రేకు పెట్టి, చెల్లుతుందా అన్నాను.
తిప్పి చూసినాడు. ఫోటో తీసుకున్నాడు.
చిల్లర లేదు సార్, అని నవ్వి
రెండు చాక్లెట్లు ఇచ్చినాడు.
బాకీ తీరిందో లేదో నాకు తెలీలేదు.
రేకు మాత్రం మళ్ళీ జేబులో వేసుకున్నాను.

చెల్లనివాటికి ఇంత భద్రమా, అంటుంది కన్నెమ్మ
డబ్బాలో దూది సర్దుతూ.

ఏం చెప్పేది.
ముప్పైయొక్క ఏళ్ళు చిత్తూరు-పాకాల బండి మీద కండక్టరును.
టికెట్ వెనక మూడున్నర అని గీకి
దిగేటప్పుడు తీసుకోమ్మా అన్నవాణ్ణి.
పూతలపట్టులో ఒకామె,
నెత్తిన టమేటా గంప, చంకలో బిడ్డ,
దిగీదిగకముందే రైట్ అన్నాను.
వెనకద్దంలో చూస్తే
టికెట్ పైకెత్తి పట్టుకోనుంది.
అరవలేదు. ఊరికే పట్టుకోనుంది,
దుమ్ము కమ్మేదాకా.

నా చేతిరాత ఏ బియ్యం డబ్బా అడుగునో
ఇంకా ఉందేమో.

అంగీ ఎడమజేబులో మూడున్నర వేరే పెట్టుకుని తిరుగుతాను.
ఆ అర్ధరూపాయిని ఇప్పుడే అంగట్లోనూ తీసుకోరు.
అయినా.