బూడిదరంగు గుమ్మడికాయ

ఏప్రిల్ వచ్చిందంటే మా వీధిలో
కార్లకు తాళం వేసుకోవాలి.
దొంగల భయం కాదు.
అద్దం కాస్త దించి ఉంటే చాలు, తిరిగొచ్చేసరికి
వెనక సీటు నిండా ఫీజోవా పళ్లుంటాయి.
జామకు దూరపు చుట్టం, కోడిగుడ్డంత,
ఒకటి కోస్తే ఇల్లంతా వాసన.
పండాక చెట్టున నిలవవు, రాలాక రెండు రోజులాగవు,
తినలేం, దాచలేం,
ఎవరికో ఒకరికి అంటగట్టకుండా నిద్రపోలేం.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి
వాంగనూయి ఒడ్డున, పాత పడవల షెడ్డులో
రెండు తలుపుల్ని ఇటుకల మీద పరిచి బల్ల చేస్తాం.
తూకం లేదు, ధర లేదు.
తెచ్చింది పెట్టు, కావలసింది తీసుకో,
అంతే మా రాజ్యాంగం.
మెరెయానా ఎప్పుడో అట్టముక్క మీద రాసిపెట్టింది.
చూరు కారి 'తీసుకో' అలుక్కుపోయింది,
'పెట్టు' మిగిలింది.

ఆమె చిలగడదుంపలు మట్టితోనే వస్తాయి.
"కడగొద్దు, మట్టి వాటి దుప్పటి" అంటుంది.
ఫెర్గస్‌కి పెరడే లేదు, మూడో అంతస్తు,
అతను సానరాయి తెస్తాడు,
మా కత్తెరలన్నీ నూరి
ఎవరికన్నా బరువైన సంచితో ఇంటికెళ్తాడు.
ఆ ఎర్రజుట్టు పిల్లాడు ఒకే ఒక్క ముల్లంగి తెచ్చి
ఎవరు తీసుకుంటారో అని
దాని పక్కనే కాపలా నిలబడ్డాడు.

ఇక నా సంగతి.
ఈ ఏడు తెల్ల సీతాకోకలు
నా క్యాబేజీలన్నిటినీ జల్లెళ్లు చేశాయి.
బీన్సు మొదట్లోనే నత్తల పాలు.
నలభై ఏళ్లుగా ఉత్త చేతుల్తో వెళ్లని దాన్ని.

కంచె అవతల ఆల్విన్ ఎరువుకుప్పలోంచి
డిసెంబర్లో ఒక తీగ లేచింది.
వాడు చూడలేదు. నేను చూశాను.
అది చెక్కల సందులోంచి తల దూర్చి
నా వైపు ఎండ బాగుందని దిగిపోయింది.
దిగాక పూసింది, పూశాక పిందె వేసింది.
నేనేమీ చేయలేదు,
రాత్రిపూట రెండు చెంబుల నీళ్లు పోయడం తప్ప,
కాయ కింద గడ్డి పరవడం తప్ప,
ఆల్విన్ దగ్గినప్పుడల్లా
దాని మీద పాత కోటు కప్పడం తప్ప.

ఈ ఆదివారం దాన్ని బల్ల మీద పెట్టాను.
బూడిదరంగు, పొరుగూరి పూజారి బొజ్జంత.
"ఎవరి గుమ్మడికాయ ఇది?" అన్నాడు ఆల్విన్,
ఊరికే, టీ ఊదుకుంటూ.
నా చెయ్యి భుజం మీదికి వెళ్లింది.
మరి ఆగలేక అంతా చెప్పేశాను,
చెంబులూ, గడ్డీ, కోటూ.

ఆల్విన్ కప్పు కింద పెట్టాడు.
"పోయిన చలికాలం నీ వంటింటి తొక్కలు
బకెట్టు నిండా నా కుప్పలో పోయలేదూ?
గింజ నీదే బెరిల్."
"కాదు," అంది మెరెయానా, తల ఎత్తకుండా,
"ఆ కాయ ఆవిడకిచ్చింది నేను."
ఎవరిచ్చారని నేను అడగలేదు.
అడిగితే
మధ్యాహ్నం దాకా షెడ్డు మూసుకోలేం.

ఫెర్గస్ అప్పుడే నూరిన కత్తితో కోశాడు.
లోపల అంత పసుపు ఉందని
పైన చూస్తే ఎవరూ అనుకోరు.
ముల్లంగి పిల్లాడు గింజలు తీసి
తడి కాగితం మీద లెక్కపెట్టాడు,
నూటముప్పై దగ్గర తప్పి మళ్లీ మొదలెట్టాడు.

ముక్కలన్నీ పోయాయి, ఒక్కటి తప్ప,
అది నాకే కట్టబెట్టారు, వద్దన్నా వినలేదు.
కొండ మీద ఇల్లు, బస్సు లేని రోజు.
నిజంగానే భుజం లాగేస్తోంది,
ఎడమది.
దారిలో నా కారు చూసుకున్నాను,
తాళం వేయడం మర్చిపోయాను.