మూత

ఆరుంబావుకి సముద్రం వెనక్కి తగ్గుతుందని
ఐరిస్ ముందు రోజే చెప్పింది,
పాలవాడొచ్చే వేళ చెప్పినంత ధీమాగా.
న్యూబిగిన్ చర్చి వెనక బండలన్నీ
నాచు జుట్టు విరబోసుకుని
ఇంకా నీళ్ళోడుతున్నాయి.

డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి,
మోకాలు మార్పించుకుని ఏడాది కాలేదు,
నాకంటే ముందే వంగింది.
"పైన కనపడేవి పిల్లవి, వాటి జోలికి పోకు.
రాయి తిరగెయ్యి.
ఏరుకున్నాక ఉన్నదున్నట్టు బోర్లించు,
కింద ఇంకా కాపురాలున్నాయి."

వీటిని ఈ ఊళ్ళో విల్లిక్స్ అంటారు.
నేను నత్తలన్నాను.
ఆ మాట పైకి అని ముప్ఫై ఏళ్ళయింది.

ఏడో తరగతిలో నేను క్యారేజీ మూత తీస్తే
బెంచీ మీద పక్కపిల్ల
లంగా అంచు తన వైపుకి లాక్కుంది.
అంతే. ఏమీ అనలేదు.
ఏదైనా అనుంటే జవాబిచ్చేదాన్నేమో.
నాట్లకెళ్ళిన బురదలోంచి
కొంగు నిండా అమ్మ ఏరుకొచ్చిన కూర
ఆ రోజు కాలవలో చేపలు తిన్నాయి.
మర్నాటి నుంచి నాకు పచ్చడే చాలన్నాను.

చలికి వేళ్ళు నావి కాకుండా పోయాయి.
అయినా గ్లౌజు తీస్తేనే తెలుస్తుంది,
ఏది గులకరాయో ఏది ప్రాణమో.
బకెట్లో మొదట టక్కు టక్కుమన్నాయి,
సగం నిండాక
నానిన శనగలు పోస్తున్న చప్పుడు.

రాత్రంతా సముద్రపు నీళ్ళలో ఉంచితే
ఇసక కక్కేస్తాయంది ఐరిస్.
పైన పళ్ళెం బోర్లించమనీ అంది. మర్చిపోయాను.
నైట్ డ్యూటీ నుంచొచ్చి యోబు లైటేస్తే
గోడ మీద పదకొండు,
ఫ్రిజ్ తలుపు మీద నాలుగు,
కెటిల్ పిడి మీద ఒకటి,
కట్టని కరెంటు బిల్లు మీద తీరిగ్గా ఇంకొకటి.
"ఎవరే వీళ్ళంతా, మీ వైపు చుట్టాలా?"
ఒకటి మాత్రం దొరకలేదు.
వారం తర్వాత వాషింగ్ మెషిన్ వెనక నుంచి
తనే కబురు పంపింది.

సగం ఐరిస్ పద్ధతి: ఉప్పునీళ్ళు, ఒక్క పొంగు, వెనిగర్.
సగం నాది: ఉల్లిపాయ ఎర్రబడ్డాక
వెల్లుల్లి, ధనియాల పొడి, గుంటూరు కారం,
చివర్లో చింతపండు పులుసు.
కొలతలు అమ్మని అడగలేదు ఎప్పుడూ.
చెయ్యి తనంతట తనే ఆగిన చోట ఆపాను.

ఐరిస్ దగ్గర బిరడాకి గుచ్చిన గుండుసూదులు మూడే.
నా గాజుకున్న పిన్నీసు తీశాను.
"గుంజకు, తెగుతుంది.
దాని మెలికెటుందో నువ్వూ అటే తిరుగు."
సుతారంగా తిప్పితే
నల్లటి తోకతో సహా వచ్చేసింది.

నత్త మూతలు సన్నగా, గోధుమరంగులో
వేలికంటుకుని వదలవు.
ఐరిస్ ఒకటి తన బుగ్గకి పుట్టుమచ్చలా అతికించుకుంది,
చిన్నప్పుడలా ఆడేవాళ్ళట.
మా కెజియా ఇంకోటి తీసి
కనుబొమల మధ్య పెట్టుకుంది.
ముగ్గురు పాస్టర్లున్న వంశం మాది,
మా ఇంట బొట్టు లేదు.
యోబు చూశాడు,
ఉప్పుడబ్బా కోసం అటు తిరిగాడు.

"మా అమ్మ వీటిని బస్తాలకి బస్తాలు అమ్మింది.
ఇంట్లో వండితే మాత్రం
వీధి వైపు కిటికీ మూసేది," అంది ఐరిస్.
ఎందుకని నేనడగలేదు.
మా ఇద్దరి మధ్య గుల్లలు కుప్పవుతున్నాయి.

సోమవారం బాక్సులో ఈ కూరే పెట్టమంది కెజియా.
పిన్నీసుతో సహా.
స్కూల్లోకి పిన్నులు తేనివ్వరన్నాను.
అబద్ధం కాదు, నిజంగానే తేనివ్వరు.
కానీ ఆ మాట
నా నోటికి మరీ తొందరగా దొరికింది.

"అయితే నువ్వే తీసి పెట్టు."

పదకొండున్నర.
వంటింటి లైటు కింద ఒక్కదాన్నే
తిప్పుతూ కూర్చున్నాను.
నలభై మూడు.
బాక్సు మూత నొక్కబోతే
వేలికి ఇంకా ఒకటి అంటుకునే ఉంది.